తీగకు గుచ్చిన కార్డులు, వాటి మీది ముద్రలు

విశాఖపట్నం వన్‌టౌన్‌లో కోట వీధి దగ్గరున్న మా అత్తవారి పాత ఇంటిని ఖాళీ చేసినప్పుడు, అన్నదమ్ములు బీరువాలూ ఇత్తడి సామానూ పంచుకోగా, ఎవరికీ అక్కరలేని ఒక ఇనుప తీగ నా వంతుకు వచ్చింది. అడుగున గుండ్రటి చెక్క బిళ్ళ, పైన కొక్కెం, ఆ రెంటి మధ్య కుక్కి గుచ్చిన పోస్టుకార్డులు. మా మామగారి తండ్రిగారు బెల్లం, నువ్వులు, గోగునార కమీషను వ్యాపారం చేసేవారు. వచ్చిన కార్డు చదివి, జవాబు రాసేసి, దాన్ని ఆ తీగకు గుచ్చితే ఆ వ్యవహారం తీరినట్టు లెక్క. అలా తీరిన వ్యవహారాలు 1910ల నుంచి 1960ల దాకా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

కార్డుల్లో రాసిన విషయం చదవడం పెద్ద కష్టం కాలేదు. సరుకు ధర, బండి కిరాయి, ఎవరికో కొడుకు పుట్టిన వార్త, ఎవరికో రావలసిన బాకీ. నన్ను నిలబెట్టినవి ఆ రాతల చుట్టూ, రాతల మీదా, ఒక్కోసారి రాతలనే కప్పేస్తూ కొట్టిన ముద్రలు. ఊరి పేరున్న గుండ్రటి ముద్ర ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఊరి పేరే లేని ముద్ర, అంకె మాత్రమే ఉన్న ముద్ర, పెట్టె గీతల మధ్య సగం చెరిగిన ఇంగ్లీషు మాటలు, కొట్టివేసిన చిరునామా పక్కన ఊదారంగు పెన్సిలు రాత, ఇవన్నీ ఏమిటో తేల్చుకునే దాకా నాకు తోచలేదు. స్కూలు టీచరుగా రిటైరైన దాన్ని కనుక తీరికకు లోటు లేదు.

మొదట చేసిన పని తీగ మీది వరుసను కాపాడడం. ఏ కార్డు పైన ఏ కార్డు ఉందో ఫోటోలు తీసుకోకుండా ఒక్కటి కూడా బయటికి తియ్యలేదు, ఎందుకంటే అడుగున ఉన్నది అన్నిటికంటే ముందు వచ్చిన కార్డు, పైన ఉన్నది చివర వచ్చినది, మధ్యలో ఉన్న వాటికి ముందువెనుకలు ఆ వరుసే చెబుతుంది. సముద్రం ఒడ్డు ఊరు కావడంతో ఉప్పుగాలికి తీగ తుప్పు పట్టి, ప్రతి కార్డు మధ్యలోనూ చిల్లు చుట్టూ ఇటుకరంగు వలయం ఏర్పడింది. పట్టి లాగితే కార్డు చిరిగిపోతుంది. అందుకని పైనున్న కొక్కేన్ని కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, తుప్పు మీద గట్టి కాగితం చుట్టి, ఒక్కొక్క కార్డునూ పైకి జరుపుతూ తీశాను. వరుస సంఖ్యను కార్డు మీద వెయ్యకుండా, దాన్ని ఉంచిన ప్లాస్టిక్ కవరు మీద వేశాను.

మామూలు ముద్రలను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వలయంలో పైన ఊరి పేరు, మధ్యలో తేదీ, నెలకు రెండు ఇంగ్లీషు అక్షరాలు, కొన్నింట్లో గంట కూడా. ఎం పక్కనున్న అక్షరం చెరిగిపోతే అది మార్చో మే నెలో తేల్చడానికి రాతలోని మాటే ఆధారం. ఊళ్ళ పేర్లు ఆ నాటి ఇంగ్లీషు స్పెల్లింగులో ఉంటాయి కనుక శ్రీకాకుళం చికాకోల్‌గా, భీమునిపట్నం బిమ్లిపటంగా, మన ఊరు వైజాగపటంగా కనిపిస్తాయి. బరంపురం ముద్రలో ఊరి పేరు పక్కన గంజాం అని ఎందుకుంటుందంటే, అదే స్పెల్లింగుతో బెంగాల్లో ఇంకో ఊరు ఉంది. చిన్న ఊళ్ళ పేర్ల దగ్గర చిక్కుకున్నప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయానికి వెళ్ళి 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు తిరగేశాను. పాత స్పెల్లింగులకు అంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

సంవత్సరం పడని ముద్రలు చాలా ఉన్నాయి. గుమాస్తా పొద్దున్నే తేదీ అచ్చులు మార్చి బిగించాలి, అందులో సంవత్సరం అచ్చు అరిగిపోయినా జారిపోయినా ముద్రలో ఆ చోటు ఖాళీగా వస్తుంది. ఇక్కడ మనవాళ్ళ అలవాటు నన్ను గట్టెక్కించింది. కార్డు పై భాగాన ఎడమవైపు ‘శ్రీరస్తు’ కింద సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి వేయకుండా ఆ తరం వాళ్ళు ఉత్తరం మొదలుపెట్టేవారు కాదు. ఒక కార్డులో ‘ఆంగీరస కార్తీక బహుళ’ దాకా ఉండి, తిథి ఉండవలసిన చోట తీగ చిల్లు పడింది. ముద్రలో నవంబరు 17 ఉంది, సంవత్సరం లేదు. ఆంగీరస అరవై ఏళ్ళకు ఒకసారి వస్తుంది కనుక అది 1872 కావచ్చు, 1932 కావచ్చు, 1992 కావచ్చు. మన దేశంలో పోస్టుకార్డు పుట్టిందే 1879 జూలై 1న, కాబట్టి మొదటిది పోయింది. కార్డు మీద రాజుగారి తల ఉంది కాబట్టి మూడోదీ పోయింది. మిగిలింది 1932. దానికి తోడు ఆ కార్డు ధర తొమ్మిది పైలు, అంటే ముక్కాలణా. ఆ ధర 1931 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. పంచాంగం ప్రకారం ఆ ఏడు కార్తీక పౌర్ణమి నవంబరు 13న వచ్చింది కాబట్టి 17వ తేదీకి బహుళ పక్షమే నడుస్తూ ఉండాలి. రాత, ముద్ర, ధర, మూడూ ఒకే మాట చెప్పిన తర్వాత గాని కవరు మీద సంవత్సరం వెయ్యలేదు. పాత కార్డులు చూసేవాళ్ళు చాలామంది ముద్ర ఒక్కదాన్నే భూతద్దం కింద పెట్టుకుని కూర్చుంటారు. నాకు మాత్రం కార్డు వెల, రాజుగారి బొమ్మ, లోపలి తిథి, తీగ వరుస, ఈ నాలుగూ లేకుండా ముద్ర సగమే చదివినట్టు అనిపిస్తుంది.

చెరిగిన ముద్రలను తేటపరచడానికి ఖరీదైన సరంజామా ఏమీ అక్కరలేకపోయింది. గది చీకటి చేసి, టార్చిలైటును కార్డుకు దాదాపు సమాంతరంగా పక్కనుంచి వేస్తే, లోహపు ముద్ర గట్టిగా దిగిన చోట కాగితంలో ఏర్పడిన నొక్కు నీడగా కనిపిస్తుంది, సిరా మాసిపోయినా ఆ నొక్కు పోదు. నీలం సిరా రాత మీద నల్ల ముద్ర పడ్డప్పుడు ఫోనులో ఫోటో తీసి, రంగులు దిద్దే చోట నీలాన్ని పలచబరిస్తే రాత వెనక్కి తగ్గి ముద్ర ముందుకు వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. తపాలా వాళ్ళు వాడిన కాపీయింగ్ పెన్సిలు రాత పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉంటుంది, తడి తగిలితే ఊదారంగుకు తిరిగి చుట్టూ పాకుతుంది. కాబట్టి మురికి తుడుద్దామని తడిగుడ్డ దగ్గరికి తీసుకురాకూడదు.

మొదట విడిపోయిన చిక్కు లెక్కల చిక్కు. అనకాపల్లి నుంచి ఒక బెల్లం వర్తకుడు రాసిన అయిదో జార్జి కాలణా కార్డు మీద, చిరునామాకు అడ్డంగా ‘పోస్టేజ్ డ్యూ’ అనే ముద్ర, అందులో అర్ధణా అని ఉన్నాయి. అచ్చు ధర కార్డు మీదే ఉన్నప్పుడు మళ్ళీ బాకీ ఎందుకు పడింది? ముద్రలో తేదీ 1922 మే. నలభై ఏళ్ళకు పైగా కాలణాకే నడిచిన కార్డు ఆ ఏప్రిల్‌లోనే అర్ధణా అయింది. ఆయన ఇంట్లో మిగిలిన పాత కార్డును, పైన కాలణా బిళ్ళ అంటించకుండా డబ్బాలో వేశారు. లోటు కాలణా, వసూలు చేసేది లోటుకు రెట్టింపు, అంటే అర్ధణా. మన పెద్దలు బేరింగు ఉత్తరం అన్నది ఇదే. కార్డు అంచున మా మామగారి తండ్రిగారి చేతిరాత చిన్నగా ఉంది: ‘అర్ధణా యిచ్చుకున్నాము.’ ఆ బెల్లం తాలూకు ఖాతాలో ఆ అర్ధణాను ఆయన కోత వేశారో లేదో గాని, వెయ్యకుండా వదిలే మనిషి కాదని మా అత్తగారు అనేవారు.

ఇదే వరుసలో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చిన ఒక కార్డు మీద వలయంలో పెద్ద టీ అక్షరం ఒక్కటే ఉంది. విదేశీ తపాలాలో చాలని వెలకు ఆ గుర్తు వేస్తారు. అది ‘టాక్స్’ (రుసుము) అన్న ఫ్రెంచి మాటకు మొదటి అక్షరం, ప్రపంచ తపాలా సంఘం వ్యవహార భాష ఫ్రెంచి కావడమే కారణం. 1874లో ఏర్పడిన ఆ సంఘంలో మన దేశం 1876లో చేరింది.

ఇక రైలు ముద్రల దగ్గర నా సొంత తెలివి ఆగిపోయింది. ఊరి పేరు లేదు. పైన ఆర్.ఎం.ఎస్. అని, ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె, కింద ‘అవుట్’ అని, ఇంకో మూల ‘సెట్’ అని ఒక సంఖ్య. పైగా ముద్ర గీతలు వణికినట్టు జమిలిగా పడ్డాయి. తెలిసినవాళ్ళ ద్వారా జ్ఞానాపురంలో ఉంటున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. రైల్వే మెయిల్ సర్వీసులో (ఆర్.ఎం.ఎస్. అంటే అదే) సార్టరుగా, అంటే ఉత్తరాలు విడదీసే ఉద్యోగిగా చేసి చాలాకాలం కిందటే రిటైరయ్యారు. కళ్ళద్దాలు పైకి తోసి, కార్డును ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసి, ‘ఇది మావాళ్ళదే’ అన్నారు, చిన్నప్పటి స్నేహితుడి ఫోటో చూసినంత మామూలుగా.

ఆయన చెప్పినది ఇది. రైలు ఒక దారిలో వెళ్తూండగా తపాలా బోగీలో గూళ్ళ ముందు నిలబడి ఉత్తరాలు విడదీసే బృందం ఉండేది. ఏ దారి అన్నది అక్షరం, అంకె చెబుతాయి. ఆ దారికి, వాళ్ళ మాటలో సెక్షనుకు, ఒక కేంద్రం ఉండేది. కేంద్రం నుంచి బయలుదేరి వెళ్ళే ప్రయాణం ‘అవుట్’, తిరిగి వచ్చేది ‘ఇన్’. ఒకే సెక్షనులో వంతులవారీగా పనిచేసే బృందాలు కొన్ని ఉండేవి కనుక, ఆ రోజు బండిలో ఉన్నది ఎవరన్నది ‘సెట్’ సంఖ్య. గీతలు వణికినట్టు పడటానికి ముద్ర కొట్టేవాడి చెయ్యి కారణం కాదు, కింద కదులుతున్న బండి కారణం. ఇప్పటికీ ఆర్.ఎం.ఎస్.లో ‘వి’ డివిజనుకు విశాఖపట్నమే కేంద్రం.

‘మరి ఇన్ని వివరాలు ఎవరి కోసం బాబాయిగారూ? కార్డు అందుకున్నవాళ్ళకి సెట్ నెంబరుతో పనేముంది?’ అని అడిగాను.

‘మీకేటి పనుంటదమ్మా! మీకూ కాదు, రాసినాయనకీ కాదు. మాలో మాకు రాసుకున్న కాయితం అనుకోండి. రేపు ఉత్తరం ఆలస్యమైందని ఎవరైనా అర్జీ పెడితే, ఏ చేతిలో ఆగిందో ముద్ర సెబుతాది. ఆగింది నా దగ్గర కాదని సూపించుకోడానికే నేను కొట్టేది.’

ఆ మాటతో నా పని తీరు మారింది. అప్పటిదాకా ఏ వింత ముద్ర కనిపించినా దీని అర్థమేమిటి అని వెతికేదాన్ని. అప్పటి నుంచి దీన్ని కొట్టినవాళ్ళకు దీనితో పనేముంది, ఎవరికి జవాబు చెప్పుకోవడానికి కొట్టారు అని అడగడం మొదలుపెట్టాను. మిగిలిన చిక్కులు చాలావరకు ఆ ప్రశ్నకే లొంగాయి.

ఉదాహరణకు, ఒక కార్డు మీద ‘డిటెయిన్డ్, లేట్ ఫీ నాట్ పెయిడ్’ అని గళ్ళ గీతల మధ్య ముద్ర ఉంది. ఆలస్య రుసుము కట్టలేదు కనుక ఆపాము అని దాని భావం. మొదటి చూపుకు అది రాసినవాడి మీద నింద లాగా కనిపిస్తుంది. సంచి కట్టే వేళ దాటిన తర్వాత వచ్చిన ఉత్తరం ఆనాటి బండికే వెళ్ళాలంటే అదనపు రుసుము బిళ్ళ అంటించవలసి ఉండేది. అంటించకపోతే తర్వాతి బండికి. అయితే ముద్ర కొట్టినది రాసినవాడిని తిట్టడానికి కాదు. తేదీ ముద్రకూ, చేరిన ముద్రకూ మధ్య ఒక రోజు తేడా కనిపిస్తే ఆ రోజు లెక్క మా ఆఫీసు మీద పడకూడదని ముందే రాసిపెట్టుకోవడం. పెద్దాయన ఆ ముద్ర చూసి నవ్వి, రైలు బోగీకే ఉత్తరాల పెట్టె ఉండేదనీ, బండి కదిలే వేళ పరుగెత్తుకొచ్చి అందులో వేసేవాళ్ళలో బిళ్ళ అంటించనివాళ్ళు తక్కువేం కాదనీ చెప్పారు.

నేను ఎక్కువకాలం తల పట్టుకున్న కార్డు కలకత్తా నుంచి వచ్చింది. 1930ల నాటిది, గోగునార బేరం గురించి. దాని మీద మూడు గుండ్రటి ముద్రలు: బయలుదేరిన చోట కలకత్తా, ఆ తర్వాత విజయనగరం, ఆ మర్నాటి తేదీతో విశాఖపట్నం. వీటితో పాటు ఊదారంగు పెట్టె ముద్ర ఒకటి, రబ్బరుది కాబోలు, ఎడమ సగం సిరా అంటలేదు. కుడివైపు ‘సెంట్ టు’ అన్నంత వరకే ఉంది, ఆ తర్వాత ఊరి పేరు ఉండవలసిన చోట ఖాళీ. ఎవరికి పంపారు? ఎక్కడికి పంపారు? చిరునామా విశాఖపట్నానిదే అయినప్పుడు విజయనగరం మధ్యలో ఎందుకు వచ్చింది?

సమాధానం చిరునామాలో ఉంది. కలకత్తా వర్తకుడు చేతివేగం ఉన్న మనిషి. ఊరి పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు రాసి, అక్కడి నుంచి ఒక అలల గీత లాగి వదిలేశారు. వైజాగపటం, విజియనగ్రం అని ఆ రోజుల్లో రాసే రెండు పేర్లకూ మొదటి మూడు అక్షరాలు ఒకటే: వి, ఐ, జెడ్. నాలుగోది ఒకదానికి ఏ, ఇంకోదానికి ఐ. ఆయన రాసిన నాలుగో అక్షరాన్ని భూతద్దంలో చూస్తే, ఏ అక్షరానికి ఉండవలసిన పొట్ట మూసుకుపోయి, పైన చుక్క లేని ఐ లాగా నిలబడి ఉంది. కదిలే బోగీలో లాంతరు వెలుగులో గూళ్ళలోకి విసిరే మనిషికి అది విజయనగరమే. పైగా కలకత్తా వైపు నుంచి వచ్చే బండికి బరంపురం, శ్రీకాకుళం రోడ్డు దాటిన తర్వాత ముందు విజయనగరమే వస్తుంది, ఆ తర్వాతే విశాఖపట్నం స్టేషనైన వాల్తేరు. కాబట్టి కార్డు ఒక మజిలీ ముందే దిగిపోయింది.

పెట్టె ముద్రలో కనిపించని సగం ‘మిస్’ అన్నమాట. పొరపాటున ఇక్కడికి వచ్చింది అని చెప్పే ముద్ర అది. అందులో ఊరి పేరు ఖాళీగా ఉండటానికి కారణం, ఆ ఊరి గుండ్రటి ముద్రను దాని పక్కనే కొట్టడం. విజయనగరం వాళ్ళు ఈ రెండూ కొట్టకుండా చడీచప్పుడు లేకుండా కార్డును తర్వాతి సంచిలో వేసి ఉండవచ్చు. అలా చేస్తే విశాఖపట్నంలో బట్వాడా చేసిన పోస్టుమాను మీద ఒక రోజు ఆలస్యం పడేది. నా ఊహను పెద్దాయనకు చెబితే, ఆయన కార్డు అందుకుని, ‘ఈ నాలుగో అచ్చరం నా సేతికొచ్చినా విజయనగరం గూట్లోనే ఏసుందును’ అన్నారు. అంతకంటే గట్టి రుజువు నాకు అక్కరలేదు.

ఉత్తరాంధ్రలో ఏ పాత ఇంటి తీగ విప్పినా రంగం కార్డు లేకుండా ఉండదు. రంగూన్‌ను మనవాళ్ళు రంగం అనే అన్నారు. బియ్యపు మిల్లులకూ రేవు పనులకూ ఓడెక్కి వెళ్ళినవాళ్ళు అంతమంది. మా తీగ మీదున్న రంగం కార్డుల్లో ఒకటి మన దేశపు కార్డే, దాని మీద మన రాజుగారి బొమ్మ, పైన రంగూన్ ముద్ర ఉన్నాయి. ఇంకోటి కార్డే బర్మాది. మొదటిదాన్ని చూసిన మా అబ్బాయి, ఎవరో ఇక్కడ కొన్న కార్డు వెంట తీసుకువెళ్ళి అక్కడ వేశారేమో అన్నాడు. తేదీలు చూస్తే అంత దూరం ఆలోచించనక్కర లేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. అక్కడి పోస్టాఫీసులో అమ్మిందే మన కార్డు. మొదటి కార్డు 1935 నాటిది, రెండోది 1938 నాటిది. ఆ మధ్య కాలంలో రాసిన మనిషి ఎక్కడికీ కదల్లేదు, అదే మిల్లు, అదే చిరునామా. దేశం మాత్రం మారింది.

ఆ రంగం కార్డుల మీద నాకు ముచ్చటగా అనిపించిన గుర్తు ముద్ర కాదు. చిరునామా మొత్తం తెలుగులోనే ఉంది. ‘విశాఖపట్టణం’ అన్న మాట కింద వేరే చేతితో, పెన్సిలుతో, ఇంగ్లీషులో ఊరి పేరు రాసి గీత పెట్టారు. తెలుగు చదవగలిగిన ఉద్యోగి ఎవరో, దారిలో తెలుగు రాని చేతులు తగులుతాయని తెలిసి, ఆ ఒక్క మాటా రాసిపెట్టాడు. మిగతా చిరునామాను ముట్టుకోలేదు, ఎందుకంటే ఊరు చేరిన తర్వాత దాన్ని చదవవలసినది మన పోస్టుమానే.

తీగ వరుస ఒక్కచోటే తప్పింది. 1942 జూన్ నాటి కార్డుల పైన ఏప్రిల్ కార్డు ఒకటి ఉంది. రాజమండ్రి నుంచి మా మామగారి మేనత్తగారు ఏప్రిల్ 8న రాయించినది. ‘మీ ఊరి మీద బాంబులు పడెనని వినుటచే’ అని మొదలవుతుంది. ఏప్రిల్ 6 సోమవారం నాడు జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊళ్ళో సగం మంది బండ్లు కట్టించుకుని పల్లెలకు తరలిపోయిన రోజులవి. కార్డు మీద విశాఖపట్నం చేరిన ముద్ర ఉంది. కోట వీధి చిరునామా మీద ఎర్ర సిరా గీత, దాని పక్కన కాపీయింగ్ పెన్సిలుతో, చెమ్మకు ఊదారంగులోకి తిరిగిన అక్షరాలతో, ‘యింటికి తాళం. చోడవరం పోయినారు’ అని పోస్టుమాను రాసిన మాట, ఆపైన చోడవరం ముద్ర. ఎవరూ కొత్త చిరునామా ఇచ్చి వెళ్ళినట్టు లేదు. ఎక్కడికి వెళ్ళారో పోస్టుమానుకు తెలుసు, అంతే. చోడవరంలో అందిన కార్డును మా మామగారి తండ్రిగారు వెంట తెచ్చుకుని, ఊరు కుదుటపడి ఇల్లు తెరిచిన తర్వాత తీగకు గుచ్చారు. ఈలోగా వచ్చి తలుపు సందులోంచి పడ్డ జూన్ కార్డులు ముందు గుచ్చి, చేతిసంచిలోని ఏప్రిల్ కార్డు తర్వాత గుచ్చి ఉంటారు. కాబట్టి వరుస తప్పలేదనే చెప్పాలి. తీగ చెప్పేది కార్డు రాసిన తేదీ కాదు, ఆ వ్యవహారం తీరిన తేదీ.

అదే కాలంలో పటాలంలో చేరిన బంధువు ఒకరు రాసిన కార్డుల మీద ఊరి పేరు బదులు ఎఫ్.పి.ఓ. అని ఒక అంకె ఉంటుంది, సెన్సారు ముద్ర కూడా. పటాలం ఎక్కడుందో శత్రువుకు తెలియకూడదు కనుక ఫీల్డ్ పోస్టాఫీసుకు అంకె మాత్రమే ఇచ్చారు. రాతలో కూడా ‘యిక్కడ ఎండ హెచ్చు’ అన్నదానికి మించి ఏమీ లేదు. ఆ మాటకు మా ఇంట్లో ఎవరి ఊహ వాళ్ళు చేశారు.

అంకె ముద్ర ఉన్నంత మాత్రాన ప్రతిదీ పటాలానిది అనుకోకూడదు. ఒక కార్డు మీద ‘ఎక్స్‌పెరిమెంటల్ పి.ఓ.’ అని, కింద ఒక అక్షరం, అంకె ఉన్నాయి. కొత్తగా తెరిచిన పల్లెటూరి పోస్టాఫీసు నడుస్తుందో మూతపడుతుందో చూడటానికి కొన్నాళ్ళు ప్రయోగంగా పెట్టేవారు. అన్నాళ్ళకే ఊరి పేరుతో ముద్ర చెక్కించడం దండగ కాబట్టి అంకె ముద్ర ఇచ్చి పంపేవారు. అక్కడ మూతపడితే అదే ముద్ర ఇంకో ఊరికి పోతుంది. అందువల్ల అంకెను పట్టుకుని ఊరు తేల్చడానికి కుదరదు. కార్డు లోపల రాసినవాడు ఊరి పేరు వేశాడు కాబట్టి, చింతపండు ధర అడిగాడు కాబట్టి, అది ఏజెన్సీ వైపు పల్లె అని తేలింది.

కార్డులన్నీ ఇప్పుడు తీగ వరుసలోనే, విడివిడి కవర్లలో, ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. వానాకాలంలో విశాఖపట్నం గాలిలో ఉండే చెమ్మకు పెట్టె అడుగున సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి రంగు మారినప్పుడల్లా ఎండబెడుతున్నాను. కత్తిరించిన తీగనూ చెక్క బిళ్ళనూ పారెయ్యలేదు, ఎందుకంటే చిల్లు ఎక్కడ పడిందో చూస్తే కార్డును ఏ వైపు నుంచి గుచ్చారో, అంటే చిరునామా పైకి ఉందా రాత పైకి ఉందా అన్నది తెలుస్తుంది. కొన్ని కార్డులు రాత కిందికి పెట్టి గుచ్చి ఉన్నాయి. అవన్నీ బాకీల సంగతివే. నలుగురూ వచ్చిపోయే చావడిలో వేలాడే తీగ మీద ఎవరి బాకీ ఎవరికీ కనపడకూడదన్నది ఆయన పద్ధతి కావచ్చు.

విజయనగరంలో ఉంటున్న మా ఆడపడుచు, ఈ సంగతి విని, వాళ్ళింటి అటక మీద ఇలాంటిదే ఇంకో తీగ ఉందని కబురు పంపింది. అది వాళ్ళ మామగారిది, దాదాపు అన్నీ 1950ల కార్డులు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చిన కొద్దికాలానికి వేసిన ఒక కార్డు మీద అణాల లెక్కలో ఒక బాకీ, నయాపైసల లెక్కలో ఇంకో బాకీ, రెండూ పెన్సిలుతో రాసి, మొదటిది కొట్టివేసి ఉన్నాయి. ఫోటో తీసి జ్ఞానాపురం పెద్దాయనకు చూపించాను. ఆయన ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులవేనట. ‘ఫోటో వద్దు, కార్డు తెండమ్మా, ఎనక వైపు కూడా సూడాలి’ అన్నారు. వచ్చే ఆదివారం పట్టుకువెళ్తున్నాను.